గూడ్సు బండికి సొంత దారి

రైల్లో సరకు పంపితే డీజిల్ ఆదా అవుతుంది, పొగ తగ్గుతుంది, రోడ్ల మీద రద్దీ తగ్గుతుంది. బడి పిల్లలు కూడా చెప్పే మాట ఇది. కానీ పదహారో నంబరు జాతీయ రహదారి మీద విజయవాడ నుంచి విశాఖపట్నం దాకా ఒక్క రాత్రి ప్రయాణం చేసిన వారెవరికైనా అనుమానం రాక మానదు. రైలు అంత మంచిదైతే రోడ్డు మీద ఇన్ని లారీలెందుకు? సిమెంటు, ఇనుము, చేపలు, పత్తి బేళ్లు, ఫ్రిజ్‌లు అన్నీ టైర్ల మీదే ఎందుకు పోతున్నాయి?

స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్లలో దేశంలోని సరకులో ఎనభై శాతానికి పైగా రైళ్లే మోసేవి. జాతీయ రైలు ప్రణాళిక లెక్క ప్రకారం ఆ వాటా 27 శాతానికి పడిపోయింది. 2030 నాటికి దాన్ని 45 శాతానికి చేర్చాలని అదే ప్రణాళిక లక్ష్యం పెట్టుకుంది. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఇంజన్లేమీ నాసిరకం కాలేదు. బొగ్గు ఇంజన్లు పోయి డీజిల్‌వి, అవీ పోయి కరెంటువి వచ్చాయి. బండి బాగుపడుతూ వచ్చింది గానీ బండికి దారి దొరకలేదు. అందుకే ఈ అధ్యాయంలో ఇంజను కంటే దారి గురించే ఎక్కువ మాట్లాడుకుందాం. సరకు రవాణాలో పచ్చదనం ఎక్కడ పుడుతుంది, ఎక్కడ చేజారిపోతుంది అన్నది దారిని చూస్తేనే తెలుస్తుంది.

పట్టా మీద బరువు తేలికెందుకు?

టైరులో గాలి తగ్గిన సైకిలును తొక్కిన అనుభవం చాలామందికి ఉంటుంది. మనిషి అదే, సైకిలు అదే, రోడ్డు అదే. కానీ నాలుగుసార్లు తొక్కగానే పిక్కలు పట్టేస్తాయి. మన బరువుకు టైరు అడుగు భాగం నొక్కుకుపోతుంది. చక్రం తిరగ్గానే ఆ భాగం పైకి పోయి మళ్లీ ఉబ్బుతుంది, దాని వెనక భాగం నొక్కుకుంటుంది. ప్రతి చుట్టులోనూ రబ్బరు ఇలా నలుగుతూనే ఉంటుంది. మనం పెట్టిన శక్తిలో కొంత ముందుకు పోవడానికి పనికిరాకుండా రబ్బరులో వేడిగా మారిపోతుంది. గాలి నిండుగా కొడితే నలుగుడు తగ్గుతుంది, సైకిలు జారినట్టు పోతుంది.

లారీ టైరుకూ ఇదే తంతు. హైవే మీద చాలాసేపు పరిగెత్తిన లారీ టైరును ముట్టుకుంటే వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చదనం డీజిల్ పెట్టి కొన్నదే. దొర్లే చక్రానికి ఇలా ఎదురయ్యే అడ్డును దొర్లుడు నిరోధం అనుకుందాం. రైలు చక్రం ఉక్కు, పట్టా ఉక్కు. రెండూ ఒకదాన్నొకటి తాకే మేర సుమారు ఒక చదరపు సెంటీమీటరు మాత్రమే. ఉక్కు నొక్కుకునేదీ చాలా తక్కువ. కాబట్టి చదునైన పట్టాల మీద ఒక టన్ను బరువును మెల్లగా కదలించడానికి కిలోన్నర, రెండు కిలోల బలం సరిపోతుంది. మంచి తారు రోడ్డు మీద లారీలోని టన్ను బరువుకు ఆరేడు కిలోలు కావాలి, మామూలు రోడ్డయితే పది దాకా పోతుంది.

గాలి సంగతి కూడా ఉంది. వేగం పెరిగేకొద్దీ బండికి ఎదురుగాలి పెద్ద అడ్డవుతుంది. యాభై లారీలు వెళ్తే యాభై ముఖాలు గాలిని చీల్చుకుంటూ పోవాలి. యాభై వ్యాగన్ల రైలుకు గాలిని చీల్చే ముఖం ఒక్కటే, మిగతావన్నీ దాని చాటున నడుస్తాయి.

ఎక్కుడు దగ్గర తేలే అసలు లెక్క

ఉక్కు మీద ఉక్కు ఇంత సులువుగా దొర్లుతుంది కాబట్టే రైలుకు ఒక బలహీనత కూడా ఉంది. దొర్లుడు ఎంత తక్కువ బలంతో జరుగుతుందో, ఎత్తు ఎక్కాల్సి వచ్చినప్పుడు ఆ తేడా అంత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

రెండు వందల మీటర్లు పోతే ఒక మీటరు ఎత్తు పెరిగే దారిని తీసుకోండి. కంటికి అది ఎక్కుడులాగే కనిపించదు. కానీ అక్కడ ప్రతి టన్నుకూ అదనంగా ఐదు కిలోల బలం కావాలి. అంటే చదును నేల మీద కావలసిన రెండు కిలోలు అక్కడ ఏడవుతాయి. ముంబయి, పుణె మధ్య బోర్ ఘాట్‌లో ప్రతి 37 మీటర్లకు ఒక మీటరు ఎత్తు పెరుగుతుంది. అక్కడ టన్నుకు అదనంగా 27 కిలోలు కావాలి. అందుకే ఘాట్ అడుగునున్న కర్జత్ స్టేషనులో రైలు వెనక బ్యాంకర్ ఇంజన్లు తగిలించి కొండ మీదికి నెట్టిస్తారు. లారీకి కూడా కొండ ఎక్కడం కష్టమే. కాకపోతే దానికి చదునులోనే ఎక్కువ బలం కావాలి కాబట్టి తేడా అంతగా తెలియదు. రబ్బరు టైరుకు రోడ్డు మీద పట్టు కూడా ఎక్కువ. ఉక్కు చక్రం ఒక హద్దు దాటితే పట్టా మీద జారి అక్కడే తిరుగుతుంది.

అందుకే పచ్చని సరకు దారి కట్టే ఇంజినీరు ముందు చూసేది ఇంజను సామర్థ్యాన్ని కాదు, నేల వాలును. కొండ ఉంటే తొలుస్తాడు, పల్లం ఉంటే కట్ట పోస్తాడు. దారి వేసేటప్పుడు ఒక్కసారి చేసిన ఆ ఖర్చు, తరవాత నూరేళ్ల పాటు నడిచే ప్రతి బండికీ కరెంటు ఆదా చేస్తుంది.

ఆగితే పోయేది సమయం ఒక్కటే కాదు

ఎక్స్‌ప్రెస్‌లో కూర్చుని పోతుంటే ఏదో చిన్న స్టేషనులో పక్క పట్టా మీద గూడ్సు బండి నిలబడి ఉంటుంది. దాన్ని లూప్ లైన్లో పెట్టి మన బండిని ముందుకు పంపించారన్నమాట. గూడ్సు బండికి గంటకు డెబ్బై కిలోమీటర్లు పోగల శక్తి ఉన్నా, మన దేశంలో దాని సగటు వేగం ఎన్నో ఏళ్లుగా గంటకు పాతిక కిలోమీటర్ల చుట్టుపక్కలే ఉంటూ వచ్చింది. దాని ప్రయాణంలో పెద్ద భాగం నిలబడడానికే సరిపోతోంది.

దీని వెనక చిన్న లెక్క ఉంది. వంద కిలోమీటర్ల దారి అనుకోండి. గంటకు అరవై వేగంతో గూడ్సు దాన్ని దాటడానికి వంద నిమిషాలు పడుతుంది. గంటకు నూటపది వేగంతో పోయే ఎక్స్‌ప్రెస్‌కు యాభై ఐదు నిమిషాలు చాలు. గూడ్సు బయల్దేరిన నలభై ఐదు నిమిషాలకు ఎక్స్‌ప్రెస్ బయల్దేరినా దారి చివర దాన్ని అందుకుంటుంది. కాబట్టి ప్రతి ఎక్స్‌ప్రెస్ ముందూ ముప్పావుగంట దారి ఖాళీగా వదలాలి, లేదా గూడ్సును పక్కకు తోయాలి. అన్ని బండ్లూ ఒకే వేగంతో పోయేటట్టయితే అదే పట్టా మీద పది నిమిషాలకొకటి పంపొచ్చు. పట్టా ఒకటే అయినా, వేగాలు కలగాపులగమైతే దాని సత్తువ సగానికి పైగా వృథా అవుతుంది.

ఆగడానికి శక్తి రూపంలోనూ మూల్యం ఉంది. నాలుగు వేల టన్నుల రైలు గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు దానిలో దాగిన చలన శక్తి సుమారు 150 యూనిట్ల కరెంటుకు సమానం. అది ఒక చిన్న కుటుంబం నెలంతా వాడుకునే కరెంటు. మామూలు బ్రేకు వేస్తే అదంతా చక్రాల దగ్గర వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. మళ్లీ కదలాలంటే మళ్లీ 150 యూనిట్లు పెట్టాలి. కొత్త తరం కరెంటు ఇంజన్లు బ్రేకు వేసేటప్పుడు మోటార్లను జనరేటర్లుగా మార్చి కొంత కరెంటును తీగలోకి తిరిగి పంపుతాయి. అంతకంటే మేలైన పద్ధతి అసలు ఆపకపోవడం.

ఢిల్లీ, ముంబయి, చెన్నై, కోల్‌కతాలను కలిపే ప్రధాన మార్గాలు, వాటి మధ్య అడ్డంగా పోయే రెండు మార్గాలు కలిపి పది వేల కిలోమీటర్ల పైచిలుకు ఉంటాయి. దేశం మొత్తం రైలు మార్గంలో అది చిన్న భాగమే. కానీ రైళ్లలో పోయే సరకులో సగానికి మించి ఆ దారుల మీదే పోతుంది. ప్రయాణికుల బండ్ల రద్దీ కూడా అక్కడే. ఈ ముడి విప్పడానికే సరకు బండ్లకు విడిగా పట్టాలు వేయాలన్న ఆలోచన పుట్టింది.

రెండంతస్తుల బండి

ప్రత్యేక సరకు రవాణా నడవాలు నిర్మించడానికి 2006లో రైల్వే శాఖ కింద డెడికేటెడ్ ఫ్రైట్ కారిడార్ కార్పొరేషన్ ఏర్పడింది. తూర్పు నడవా పంజాబులోని లూథియానా దగ్గర మొదలై బిహార్‌లోని సోన్‌నగర్ దాకా 1,337 కిలోమీటర్లు పోతుంది. పడమటి నడవా ఢిల్లీ పక్కనున్న దాద్రీ నుంచి ముంబయి దగ్గరి జవహర్‌లాల్ నెహ్రూ పోర్టు దాకా 1,506 కిలోమీటర్లు. తూర్పుదానికి ప్రపంచ బ్యాంకు, పడమటిదానికి జపాన్ సంస్థ జైకా అప్పులిచ్చాయి. ఖర్చు లక్ష కోట్ల రూపాయలు దాటింది. భూసేకరణ చిక్కుల వల్ల ఏళ్లకు ఏళ్లు ఆలస్యమైంది. అన్నింటికంటే ఎక్కువ సాగింది నెహ్రూ పోర్టుకు చేర్చే చివరి వంద కిలోమీటర్ల పని.

ఈ దారుల కొలతలు చూస్తే మనం ఇంతవరకూ చెప్పుకున్న సూత్రాలన్నీ కనిపిస్తాయి. వాలు రెండు వందలకు ఒకటి మించదు. ఆరావళి కొండలు అడ్డొచ్చిన చోట హరియాణాలోని సోహ్నా దగ్గర సుమారు కిలోమీటరు సొరంగం తొలిచారు. పాత పట్టాల మీద ఒక్కో ఇరుసుకు 22.9 టన్నుల దాకా బరువు వేయొచ్చు. ఇక్కడ 25 టన్నులు వేస్తున్నారు. వంతెనలనైతే ముందుచూపుతో 32.5 టన్నులకు తట్టుకునేటట్టు కట్టారు. మామూలు గూడ్సు బండి పొడవు ఏడు వందల మీటర్లుంటే ఇక్కడ కిలోమీటరున్నర పొడవు బండి నడపొచ్చు. గరిష్ట వేగం గంటకు వంద కిలోమీటర్లు.

పడమటి నడవాలో ఇంకో విశేషం కూడా ఉంది. అక్కడ కంటైనర్లను ఒకదాని మీద ఒకటి పేర్చి తీసుకుపోతారు. అమెరికాలో ఇలాంటి రెండంతస్తుల బండ్లు దశాబ్దాలుగా ఉన్నాయి, కానీ వాటిని లాగేవి దాదాపు అన్నీ డీజిల్ ఇంజన్లే. పైన కరెంటు తీగ ఉంటే రెండో కంటైనరు దానికి తగులుతుంది మరి. ఇక్కడ తీగను నేల నుంచి ఏడున్నర మీటర్ల ఎత్తుకు లేపారు. ఆ తీగను అందుకోవడానికి ఇంజను నెత్తిన ఉండే పాంటోగ్రాఫ్‌నూ పొడవుగా చేశారు. 2021 జనవరి 7న హరియాణాలోని న్యూ అటేలీ నుంచి రాజస్థాన్‌లోని న్యూ కిషన్‌గఢ్‌కు కిలోమీటరున్నర పొడవున్న రెండంతస్తుల కంటైనర్ రైలు కరెంటు మీద నడిచింది. ఒకే బండి, ఒకే దారి, ఒకే లోకో పైలట్ల జట్టు, సరకు మాత్రం దాదాపు రెట్టింపు. బిహార్‌లోని మాధేపురాలో తయారవుతున్న 12,000 హార్స్‌పవర్ ఇంజన్లు ఇలాంటి భారీ బండ్లను లాగడానికే వచ్చాయి.

బొగ్గు కరెంటుతో నడిచే బండి పచ్చనిదేనా?

ఇక్కడ పాఠకులు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. మన దేశంలో తయారయ్యే కరెంటులో సుమారు నాలుగింట మూడు వంతులు బొగ్గు నుంచే వస్తోంది. పొగ రైలు దగ్గర రాకపోయినా విద్యుత్ కేంద్రం దగ్గర వస్తుంది కదా?

వస్తుంది. యూనిట్ శక్తికి లెక్క వేస్తే బొగ్గు డీజిల్ కంటే ఎక్కువ కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది కూడా. అయినా రైలే ముందుంటుంది. ఒక టన్నును ఒక కిలోమీటరు మోయడానికి దానికి కావలసిన శక్తే లారీకి కావలసిన దానిలో చిన్న భాగం. మురికి శక్తి అయినా కొంచెమే వాడితే మురికీ కొంచెమే. రేపు ఇంకో లాభం కూడా ఉంది. గ్రిడ్‌లోకి సౌర విద్యుత్తు, గాలి విద్యుత్తు పెరిగిన రోజున పాత ఇంజనే ఏ మార్పూ లేకుండా మరింత శుభ్రమైపోతుంది. డీజిల్ లారీని శుభ్రం చేయాలంటే లారీనే మార్చాలి.

రెండో ప్రశ్న దీనికంటే గట్టిది. మన రైళ్లు ఏటా మోసే దాదాపు 160 కోట్ల టన్నుల సరకులో సగం బొగ్గే. తూర్పు నడవా మీద పోయేదాన్లోనూ బొగ్గుదే పెద్ద పీట. జార్ఖండ్ వైపు గనుల బొగ్గు ఉత్తరప్రదేశ్, పంజాబుల్లోని విద్యుత్ కేంద్రాలకు ఆ దారినే పోతోంది. బొగ్గు ఎప్పుడూ రైలు సరకే. దాన్ని వేగంగా చేర్చినంత మాత్రాన లారీల పొగ తగ్గదు. నడవాల సంస్థ కోసం ఎర్నెస్ట్ అండ్ యంగ్ చేసిన అధ్యయనం ఈ రెండు దారుల వల్ల మూడు దశాబ్దాల్లో 45 కోట్ల టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ ఆదా అవుతుందని అంచనా కట్టింది. అలాంటి అంచనా నిజం కావాలంటే లారీల్లో పోయే సరకు రైలెక్కాలి. కట్టిన దారి మీద ఏం పోతోందన్నదాన్ని బట్టే అది ఎంత పచ్చనిదో తేలుతుంది.

లారీ ఎందుకు గెలుస్తోంది?

అనంతపురం రైతు బత్తాయి లోడు ఢిల్లీకి పంపాలనుకుంటే లారీ తోట దగ్గరికే వస్తుంది. పది టన్నులున్నా ఎత్తుకుపోతుంది, మండీ గుమ్మం ముందు దించుతుంది. రైలుకైతే రేకు, అంటే ఒక బండికి సరిపడా వ్యాగన్ల వరస, నిండేంత సరకు కావాలి. తోట నుంచి గూడ్స్ షెడ్డుకు ఒక బండి, అక్కడ హమాలీలు, దిగిన చోట మళ్లీ హమాలీలు, మళ్లీ ఒక బండి. ఎక్కించి దించే ప్రతి చోటా కూలి, జాప్యం, దెబ్బతిన్న కాయలు. మూడు వందల కిలోమీటర్ల దూరానికి ఈ తతంగమంతా గిట్టదు. రెండు వేల కిలోమీటర్లయితేనే రైలు ఆదా ఆ ఖర్చును మింగగలుగుతుంది. 2020 సెప్టెంబరు 9న అనంతపురం నుంచి ఢిల్లీకి పళ్లూ కూరగాయలతో దక్షిణాదిలో తొలి కిసాన్ రైలు బయల్దేరింది. దూరం ఎక్కువ, సరకు కలిపి పోగుచేశారు, తరవాత రవాణా చార్జీలో సగం రాయితీ కూడా ఇచ్చారు. ఈ మూడూ కుదిరితేనే ఆ సేవ సాగింది.

ధరలోనూ ఒక మెలిక ఉంది. మన రైల్వేలు ప్రయాణికుల టికెట్లను ఖర్చు కంటే తక్కువకు అమ్మి, ఆ నష్టాన్ని సరకు చార్జీల నుంచి పూడ్చుకుంటాయి. సామాన్యుడికి టికెట్టు చవగ్గా దొరకడం మంచిదే. అయితే ఆ చవకకు బదులుగా సరకు రోడ్డెక్కుతోందన్న సంగతి కూడా లెక్కలో ఉండాలి.

ఎక్కించి దించే బాధ తగ్గించడానికి కంటైనర్ ఒక దారి. మరో దారి లారీనే రైలెక్కించడం. కొంకణ్ రైల్వే 1999 నుంచి సరకుతో నిండిన లారీలను వ్యాగన్ల మీద తీసుకుపోతోంది. ఇప్పుడు పడమటి నడవా మీద గుజరాత్‌లోని న్యూ పాలన్‌పూర్ నుంచి హరియాణాలోని న్యూ రేవారీకి పాల ట్యాంకర్లు కూడా అలాగే రైలు మీద పోతున్నాయి.

దారి వేయడంతో పని అయిపోదనడానికి స్విట్జర్లాండ్ మంచి సాక్ష్యం. ఆల్ప్స్ కొండల మీదుగా ఉత్తర ఐరోపా నుంచి ఇటలీకి పోయే లారీలతో విసిగిన ఆ దేశ ప్రజలు, 1994లో ఆ సరకు రైలు మీదికి మారాలని ఓటేశారు. పాత గొట్టార్డ్ రైలు మార్గం 1,151 మీటర్ల ఎత్తుకు ఎక్కి దిగాలి, దాని వాలు కూడా ఇంచుమించు మన బోర్ ఘాట్ అంతే. దాని అడుగున 57 కిలోమీటర్ల సొరంగం తొలిచి 2016లో తెరిచారు. కొత్త దారి గరిష్ట ఎత్తు 549 మీటర్లు. ఈలోగా 2001 నుంచే బరువు, దూరం, పొగ లెక్కన భారీ లారీల మీద సుంకం వేశారు. ఆ డబ్బులో పెద్ద భాగం రైలు మార్గాలకే పెట్టారు. 2000లో ఆల్ప్స్ దాటిన భారీ లారీలు ఏడాదికి 14 లక్షలు. ఇప్పుడు 9 లక్షల దగ్గరకు వచ్చాయి. కొండలు దాటే సరకులో సుమారు డెబ్బై శాతం రైలు మీద పోతోంది. అయినా చట్టం పెట్టిన ఆరున్నర లక్షల లక్ష్యాన్ని ఇంకా అందుకోలేదు. చదునైన దారి, లారీ మీద సుంకం, పాతికేళ్ల పట్టుదల, మూడూ కలిస్తేనే ఈ మాత్రం ఫలితం వచ్చింది.

విజయవాడలో కలిసే దారులు

2021 కేంద్ర బడ్జెట్‌లో మరికొన్ని సరకు నడవాలు ప్రస్తావించారు. వాటిలో రెండు మన ప్రాంతం మీదుగా పోయేవే. ఒకటి ఖరగ్‌పూర్ నుంచి తూర్పు తీరం వెంబడి విజయవాడకు, రెండోది మధ్యప్రదేశ్‌లోని ఇటార్సీ నుంచి నాగ్‌పూర్ మీదుగా విజయవాడకు. మొదటిది విశాఖపట్నం, గంగవరం, కాకినాడ రేవుల వెనకనే పోవాలి. రెండోది తెలంగాణను దాటి ఉత్తరాదికి తలుపు తీయాలి.

ఇక్కడి నేలకు దాని షరతులున్నాయి. మన నదులు, వాగులు పడమటి నుంచి తూర్పుకు సముద్రం వైపు పారుతాయి. తీరం వెంబడి పోయే రైలు కట్ట వాటన్నిటికీ అడ్డంగా నిలుస్తుంది. వాలు తగ్గించడానికి కట్ట ఎత్తు పెంచేకొద్దీ అది ఆనకట్టలా నీటిని ఆపుతుంది. తూములు, వంతెనలు చాలకపోతే ఒక పక్క పొలాలు మునుగుతాయి, లేదా కట్టే తెగుతుంది. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రం మధ్య వరద పట్టాల కింది కంకరను ఊడ్చుకుపోయి, పట్టాలు గాలిలో వేలాడాయి. విజయవాడ, కాజీపేట మధ్య రైళ్లు ఆగిపోయాయి. తుపాన్ల తీరంలో నడవా కట్టేవాళ్లు పాత వరదల లెక్కలతో సరిపెట్టుకోకుండా, పెరుగుతున్న కుండపోత వానలకు తగ్గట్టు తూములు పెట్టాలి. పచ్చదనం పేరుతో కట్టిన దారి ఊళ్లను ముంచితే ఆ పేరుకు అర్థం లేదు.

కాబట్టి ఈ నడవాలు మన ప్రాంతానికి వచ్చిన రోజున శిలాఫలకం మీది కిలోమీటర్లను, బండ్ల వేగాన్ని చూసి మురిసిపోవద్దు. మన ఊరి సరకు రైలెక్కడానికి దగ్గర్లో టెర్మినల్ ఉందా? చిన్న వ్యాపారి, రైతు తమ లోడును కలిపి పంపే ఏర్పాటు ఉందా? సరకు చార్జీ లారీ కిరాయితో పోటీపడుతోందా? వరద నీరు పోయే దారి వదిలారా? ఈ నాలుగు ప్రశ్నలు అడగండి. చివరికి తేల్చాల్సింది పదహారో నంబరు రహదారి మీదనే. నడవా తెరిచిన కొన్నేళ్లకు అక్కడ దూరప్రాంతపు లారీల సంఖ్య తగ్గితే ఆ దారి పచ్చనిది. తగ్గకపోతే అది ఇంకో రైలు మార్గం, అంతే.